తాత సమాధి మీద రాయి

ప్రాగ్ నగరంలో పాత యూదుల పేట చూడడానికి వెళ్ళాను. అక్కడి శ్మశానంలో ఒరిగిపోయిన సమాధుల మీద ఎవరో చిన్న చిన్న గులకరాళ్లు పెట్టి ఉంచారు. చూడగానే మా తాత సమాధి గుర్తొచ్చింది.

చిన్నప్పుడు కమలాపురం దగ్గర మా ఊళ్ళో, చర్చి వెనక తాత సమాధి మీద అప్పుడప్పుడూ ఒక కొత్త రాయి కనిపించేది. పక్క సమాధుల మీద ఏమీ ఉండేవి కావు. ఇది చేతబడే అని నాకు గట్టి అనుమానం. చుట్టూ నిమ్మకాయ కోసం కూడా వెతికాను.

ఒక ఆదివారం ప్రార్థన మధ్యలో లేచి వచ్చి, తుమ్మచెట్టు చాటున కాపు కాశాను. మా తాత స్నేహితుడు, మగ్గం నేసే చెన్నప్ప వచ్చాడు. జేబులోంచి రాయి తీసి, పంచె కొంగుతో తుడిచి, సమాధి మీద పెట్టాడు.

"మా తాతకు చేతబడి చేస్తాండావా?" అని అరిచాను.

ఆయన ఉలిక్కిపడి, తర్వాత నవ్వాడు. "పూలు పెడితే మేకలు తినిపోతాండాయి పాపా. రాయినైతే ఏం చేస్తాయి? నేనొచ్చిపోయినట్టు మీ తాతకు తెలియాల గదా!"

నేను నమ్మలేదు. ఆ తర్వాత ఆయన మగ్గం చప్పుడు వినిపిస్తే చాలు, వీధి మారేదాన్ని.

ప్రాగ్‌లో మా గైడు ఆ గులకరాళ్లను చూపించి, "వచ్చి వెళ్ళామని గుర్తు" అంది.

నేను వంగి దారి పక్కనుంచి ఒక రాయి తీసుకున్నాను. గేటు దగ్గరి కాపలాదారు నన్ను అనుమానంగా చూశాడు. చెన్నప్పలా నవ్వబోయాను. నాకు నవ్వు రాలేదు.