పెట్రోలు అందకుండా ఏలూరు చేరిన కారు

దెయ్యాలు, మహిమలు నాకు ఎక్కవు. తాడేపల్లిగూడెంలో కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి. తూకం వేసి చూడనిదే కందిపప్పునే నమ్మని ఇల్లు మాది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా బావగారికి పాత బీటిల్ కారు ఉండేది. ఇంజను వెనకాల ఉంటుంది. రేడియేటరు లేదు, నీళ్లు పోసే పని లేదు, గాలికే చల్లబడుతుంది. ఆయన గుండెజబ్బుతో ఏలూరు ఆసుపత్రిలో చేరాక అది తాడేపల్లిగూడెంలో వాళ్లింట్లోనే పడి ఉంది.

బట్టలు తీసుకెళ్దామని అక్క ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు, మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి ఫోను. పరిస్థితి బాగాలేదు, వెంటనే రమ్మన్నారు.

టాక్సీకి ఫోన్ చేశాను. అతను రేటు చెప్పగానే నా నోరు అలవాటుకొద్దీ సగానికి అడిగింది.

"ఆసుపత్రి అంటున్నారు, ఇక్కడ కూడా బేరమేనా అండీ?" అని అతను పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. ఇంకొకర్ని వెతికే ఓపిక లేక బావగారి కారే తీశాను.

భీమడోలు దాటాక కారు కుదుపులు మొదలుపెట్టింది. నాలుగు దగ్గులు దగ్గి ఆగిపోయింది. కొల్లేరు వైపు నుంచి వచ్చిన చేపల లారీ ఒకటి ఐసు నీళ్లు కార్చుకుంటూ మమ్మల్ని దాటిపోయింది. అక్క సంచీ ఒళ్లో పెట్టుకుని ముందుకే చూస్తోంది. నాకూ భయం వేయలేదు, ఏడుపు రాలేదు. చేతులు పని చేస్తుంటే ఎవరివో అన్నట్టు చూశాను.

బావగారు చేస్తుండగా చూసిందే చేశాను. నిలవున్న బండిలో ట్యాంకు అడుగు మడ్డి వచ్చి కార్బురేటరు జెట్టుకి, అంటే పెట్రోలు వెళ్లే సన్నటి కన్నానికి, అడ్డం పడుతుంది. ముందు పెట్రోలు గొట్టం ఊడదీసి, కారిపోకుండా దాని నోట్లో ఒక బోల్టు దూర్చాలి. తర్వాత జెట్టు విప్పి నోటితో ఊదాలి. ఊది మళ్లీ బిగిస్తుండగా ఫోను మోగింది. అక్క విని పెట్టేసి, "తమ్ముడూ, పోనియ్యి" అంది, అంతే.

మూత వేసి స్టార్ట్ చేశాను. అందుకుంది. ఏలూరు దాకా ఒక్క కుదుపు లేదు.

అక్క వెళ్లేసరికి బావగారు కళ్లు తెరిచారు. "ఏమే, అన్నం తిన్నావా?" అన్నారు.

"తిన్నానండీ" అంది అక్క.

ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నారు. కాసేపటికి వదిలేశారు.

కారు పక్కకి పెట్టమని ఆసుపత్రివాళ్లు అంటే కిందికొచ్చాను. ఎంత తిప్పినా స్టార్టవలేదు. మూత ఎత్తి చూశాను. గొట్టం పక్కకి వేలాడుతోంది. దాని నోట్లో బోల్టు అలాగే ఉంది. లాగితే పెట్రోలు చేతిమీద పడింది. కార్బురేటరుకి గొట్టం తగిలించడమే మరిచిపోయాను.

తర్వాత కారు తీసుకెళ్లడానికి వచ్చిన మెకానిక్కుకి చెప్పాను.

"జెట్టు విప్పారంటే కార్బురేటరు గిన్నెలో నిలవున్న పెట్రోలూ కారిపోతుందండీ. కారు అసలు అక్కణ్ణుంచి కదిలుండకూడదు" అన్నాడు.

"అడుగున కాస్త మిగులుతుంది కదా?"

"మిగిలింది అనుకోండి, ఒక ఫర్లాంగు."

"పోనీ, కిలోమీటరు అనుకోండి."

"అనుకుంటే నడవదండీ కారు."

ఇంకా పెంచబోయాను. అతను నా మొహం చూసి ఇంజను మూత దించేశాడు. ఏలూరుకి భీమడోలు ఒకటి రెండు కిలోమీటర్లు కాదని అతనికీ తెలుసు.

నేనే గొట్టం పెట్టి, ఆసుపత్రిలో మళ్లీ తీశానేమో అని కూడా ఆలోచించాను. కారు ఆపగానే అక్కతో పైకి పరిగెత్తినవాణ్ణి. ఎలా చేరామో ఇప్పటికీ నాకు తెలియదు.

పెద్దకర్మ అయ్యాక అక్కకి ఈ సంగతి చెప్పాను. ఆశ్చర్యపోతుందనుకున్నాను. ఆశ్చర్యపోలేదు.

"ఆ రోజు నేనేం తినలేదురా" అంది. "ఆయనకి తిన్నానని చెప్పాను."

నేను లేచి వెళ్లి ఆమెకి కంచంలో అన్నం పెట్టుకొచ్చాను.