పంచమి ఉయ్యాల మీద చెప్పిన మాట

తాండూరు బజారులో గొలుసులూ పలుగులూ అమ్మే దుకాణం ముందు నుంచి నేను ఇప్పటికీ కొంచెం తొందరగా నడుస్తాను. అక్కడ నైలాను తాళ్లు రంగురంగుల చుట్టలుగా వేలాడుతుంటాయి. వాటితో నాకు పేచీ లేదు. వాటి వెనక మూలన, ఇంకా ఎవరైనా అడగకపోతారా అన్నట్టు, ఒక జనుప మోకు చుట్ట పడి ఉంటుంది. మొన్న వానజల్లుకు అది తడిసింది. తడిసిన కొత్త మోకు వాసన, పచ్చిగడ్డీ బురదా కలిసినట్టుండే ఆ వాసన, ముక్కుకు తగలగానే ఈ డెబ్బై ఎనిమిదేళ్ల వయసులో, చేతిలో కూరగాయల సంచితో, నడిబజారులో నా కడుపులో ఏదో పైకి లేచి దబ్బున కిందికి జారింది. దుకాణం పిల్లవాడు "ఏం గావాలె అవ్వా?" అన్నాడు. ఏమీ వద్దని చెప్పి వచ్చేశాను.

ఆ వాసన నాగుల పంచమిది. కన్నడ సీమ చేరువ కాబట్టి మా తాండూరులో పంచమి అంటే పుట్టలో పాలు పోయడం సగం పండుగే, తక్కిన సగం ఉయ్యాల. శ్రావణం వచ్చిందంటే ముసురు పట్టిన పొద్దుల్లో ఇంటింటా జొన్నలు పేలుతుండేవి. పండుగనాడు పొయ్యి మీద పెనం పెట్టకూడదు, కత్తి పట్టకూడదు కనుక వేయించేవీ కోసేవీ అన్నీ ముందురోజే అయిపోవాలి. వేడి ఇసుకలో జొన్నలు మల్లెమొగ్గల్లా విచ్చుకోవడం, వాటిని చాటలో చెరిగి, బెల్లంపాకం పోసి, చేతులు కాలుతుంటే ఊదుకుంటూ ఉండలు కట్టడం, నువ్వులు దంచుతుంటే రోటి చుట్టూ నూనె వాసన కమ్ముకోవడం, పక్కనే ఉన్న మాదేవి వాళ్లింటి నుంచి పుట్నాల పిండీ నెయ్యీ కలిపిన తంబిట్టు మా ఇంటికీ, మా కుడుములు వాళ్లింటికీ అటూ ఇటూ నడవడం, ఇవన్నీ మాకు పండుగకు రెండు రోజుల ముందే పండుగ.

మాదేవి వాళ్లది కన్నడం మాట్లాడే ఇల్లు. వాళ్ల నాన్నకు బెల్లం కొట్టు. నాకూ ఆమెకూ పదకొండేళ్లే. బండ గనుల దగ్గర పారేసిన నాపరాతి ముక్కల్లో నున్నటివి ఏరుకొచ్చి తొక్కుడుబిళ్ల ఆడేవాళ్లం, గడప బండ మీద బొగ్గుతో అష్టాచెమ్మ గీసి, గవ్వల కోసం కొట్టుకుని, మధ్యాహ్నానికల్లా ఒకే కంచంలో తినేవాళ్లం. ఎత్తంటే నాకు ఎంత భయమో దాచిపెట్టకుండా చెప్పుకున్నది ఆమె ఒక్కదానికే. మా మిద్దెకు వేసిన నిచ్చెన మూడో మెట్టు మీద నుంచే నేను దిగిపోయేదాన్ని. పేలాలు ఎండబోసి రమ్మని అమ్మ చెబితే నేను నిచ్చెన కింద నిలబడేదాన్ని, మాదేవి నా బదులు చరచరా ఎక్కి, ఎండబోసి, దిగి, చేతులు దులుపుకుని నోరు మూసుకునేది. ఇంట్లో అందరూ నేనే ఎక్కాననుకునేవాళ్లు. అలాంటి స్నేహితురాలు మళ్లీ నాకు దొరకలేదు, నేను వెతకనూ లేదు.

ధాన్యం అమ్మే గంజ్ వెనక ఒక పెద్ద వేపచెట్టు ఉండేది. పంచమికి దాని కొమ్మకు మోకులు వేసి, పీట కట్టేవాళ్లు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, ఒకరు వంగితే ఒకరు లేచి, చీరలు గాలికి పటపటలాడుతుంటే, ఎదురు కొమ్మకు కట్టిన ఎండు కొబ్బరి చిప్పను కాలితో తన్నేంత ఎత్తుకు ఊగేవాళ్లు. పుట్టింటికొచ్చిన ఆడపడుచులు ఎక్కితే మొగుడి పేరు చెప్పేదాకా కింద ఉన్నవాళ్లు దిగనిచ్చేవాళ్లు కాదు. పెళ్లికాని పిల్లలకు చెప్పడానికి మొగుళ్లు లేరు కనుక ఏదో ఒక గుట్టు చెప్పాలి. దొంగతనంగా బెల్లం తిన్నాననో, వదిన గాజులు పగలగొట్టింది నేనేననో అరిచేవాళ్లు. కింద ముసలీ ముతకా కడుపుబ్బ నవ్వేవాళ్లు. నేను మాత్రం ఏటా చెట్టుకు దూరంగా నిలబడి చప్పట్లు కొట్టేదాన్ని.

ఆ ఏడు నాకు నిజంగానే ఒక గుట్టు ఉంది. తాండూరులో ఆడపిల్లలకు ఏడో తరగతితో చదువు సరి. మా ఇంట్లో పెద్దనాయిన మాట మీద ఇంకో మాట లేదు. కంది గింజ గంజ్‌కు పోవాలన్నా, బర్రెను అమ్మాలన్నా, నాకు పలక కొనాలన్నా ఆయన తలూపాలి. మా నాన్న ఏది అడిగినా "అన్ననడుగుర్రి" అనడం తప్ప వేరే మాట నేర్చుకోలేదు. ఆడపిల్లకు ఏడు చాలా ఎక్కువని పెద్దనాయిన, బోర్డింగు బడికి పంపితే పిల్లను మతంలో కలుపుకుంటారని నాయనమ్మ. మా అమ్మకు అక్షరం రాదు. ఉత్తరం వస్తే ఇంకొకరి ముఖం చూడాల్సి వచ్చిన ప్రతిసారీ ఆమె పెదవి బిగించడం నేను చూశాను. ఆమె ఎవరికీ చెప్పకుండా మా టీచరమ్మను పట్టుకుంది. వికారాబాదులో మిషను వాళ్ల ఆడపిల్లల బోర్డింగులో, నడుమ ఒకమ్మాయి మానేసిపోతే, ఒకే ఒక మంచం ఖాళీ అయింది. పంచమి అయిన మూడోనాడు పరిగిలో పుట్టింటికి పోతున్నానని చెప్పి, నన్ను రైలెక్కించి, వికారాబాదులో దింపి ఆ బళ్లో చేర్చేయాలని అమ్మ ఎత్తు. ఒకసారి చేరిపోతే నలుగురి ముందు వెనక్కి లాక్కురారని ఆమె ధీమా. వడ్ల గుమ్మి వెనక ఒక రేకుపెట్టె, అందులో రెండు కొత్త లంగాలు, ఒక కంచం. నన్ను పెరట్లోకి తీసుకుపోయి, నా రెండు చెవులూ పట్టుకుని, "ఇది నాకు నీకే ఎరుక బిడ్డా. గాలిక్కూడ తెల్వొద్దు" అంది.

గాలికి నేను చెప్పలేదు. మాదేవికి మాత్రం, "నాకొక గుట్టుంది, నీకు సుత చెప్ప" అని చెప్పాను. అంతకంటే పాపం లేదని ఇప్పుడు తెలుస్తోంది. చెప్పదలచుకోనివాళ్లు గుట్టు ఉందని కూడా చెప్పకూడదు. రెండు రోజులు ఆమె నా వెంటపడి బతిమాలింది, అలిగింది, తన గచ్చకాయలన్నీ ఇస్తానంది. నేను బెట్టు చేశాను. ఆ రెండు రోజులూ నాకు ఎంత గొప్పగా ఉండిందో.

పంచమి మధ్యాహ్నం ముసురు కాస్త తెరిపి ఇచ్చింది. చెట్టు కింద ఊరి ఆడవాళ్లందరూ చేరారు. మాదేవి నా చెయ్యి పట్టుకుని, "ఒక్కపారి ఎక్కు. నేను ఎదురుంగ ఉంట గద. నువ్వు సాలన్నవంటె ఆపుత, బసవన్న మీద ఒట్టు" అంది. ఇంకో రెండు రోజుల్లో నేను వెళ్లిపోతున్నాను, ఆమెకు ఆ సంగతి తెలియదు. ఆ జాలితోనో, ఆ గర్వంతోనో ఎక్కాను.

మొదటి నాలుగు ఊపులూ కళ్లు తెరవలేదు. మోకు తడిగా ఉంది, పట్టుకున్న చోటల్లా పీచు అరచేతుల్లో గుచ్చుకుంటోంది. పీట కాలికింద నుంచి తప్పుకున్నట్టు, పేగులు గొంతులోకి వచ్చినట్టు, మళ్లీ ఎవరో వాటిని కిందికి గుంజినట్టు. "కండ్లు తెరువే, ఏం గాదు" అని మాదేవి అరిచింది. తెరిచాను. కింద తలలు గురిగింజలంత ఉన్నాయి. గంజ్ రేకుల కప్పులు, వాటి అవతల బండ గనుల దగ్గర తెల్లటి రాతిగుట్టలు, పచ్చటి కందిచేలు, వాటి నడుమ నుంచి వాన తడికి మెరుస్తూ వికారాబాదు వైపు పోయే రైలు పట్టాలు. మిద్దె ఎక్కని నేను ఊరినంతా చూశాను.

"సాలు" అన్నాను. మాదేవి వంగి ఇంకా గట్టిగా ఊపింది. "గుట్టు జెప్పు, ఆపుత." "సాలే మాదేవీ!" "హేళే, హేళే!" చెప్పవే అని ఆమె కన్నడంలోకి దిగింది. కింద ఆడవాళ్లు అందుకున్నారు, చప్పట్లు కొట్టారు. ఒట్టు పెట్టిన మనిషి ముఖం నా ముఖానికి జానెడు దూరంలో ఉంది, ఆ కళ్లలో నా గుట్టు మీద ఆశ తప్ప ఏమీ లేదు. అప్పుడు నేను అరిచాను: "వికారాబాదుకు పోతున్న! బోర్డింగుల సదువుకుంట! పరిగి అని చెప్పి మా అమ్మ తోల్కపోతది, పెద్దనాయినకు తెల్వకుంట!"

ఉయ్యాల దానంతటది నెమ్మదించింది. చెట్టు మొదట్లో బండ మీద మా నాయనమ్మ కూర్చుని ఉంది, పొడుం చిటికె ముక్కు దగ్గరే నిలిచిపోయింది. ఆమెకు చెవుడని ఊరంతా అనుకునేది. ఆమెకు తనకు పనికిరాని మాటలే వినపడేవి కావు.

సాయంత్రానికి గుమ్మి వెనక పెట్టె వాకిట్లోకి వచ్చింది. పెద్దనాయిన కేకలు వేయలేదు. లంగాలు తీసి మంచం మీద పడేసి, పెట్టెను కంది విత్తనానికి బాగుంటుందని లోపలికి తీసుకుపోయాడు. మా నాన్న వాకిట్లో నిలబడి చెప్పు కాలితో మట్టి గీశాడు. వారం తిరక్కుండా ఆ మంచం నిండిపోయిందని టీచరమ్మ బళ్లో అందరి ముందూ చెప్పి, ఆ తర్వాత నావైపు చూడటం మానేసింది. అమ్మ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. కానీ ఆ రోజు తర్వాత ఆమె ఎప్పుడూ నన్ను పెరట్లోకి పిలిచి గొంతు తగ్గించి ఏమీ చెప్పలేదు. తనకు ఒంట్లో బాగాలేదన్న సంగతి కూడా చాలా ఏళ్ల తర్వాత నాకు పక్కింటివాళ్లు చెప్పాల్సి వచ్చింది.

మర్నాడు మాదేవి తంబిట్టు ఉండలు గిన్నెలో పెట్టుకుని మా గడపలో నిలబడింది. ఏడ్చి ఏడ్చి ముఖం వాచిపోయింది. "నాకు తెల్వదే. ఉత్తగనే అడిగిన" అంది. గిన్నె విసిరికొట్టాను. ఉండలు బండ మీద దొర్లి చిట్లిపోయాయి. తర్వాత నాలుగేళ్లు పక్కపక్క ఇళ్లలో ఉండి ఒక్క మాట మాట్లాడుకోలేదు. పదిహేనేళ్లకు నన్ను బంట్వారం ఇచ్చారు, ఆమెను సేడం ఇచ్చారు. నేను పగ పట్టే మనిషిని, దాచుకోను. పెనిమిటి చదివి పారేసిన పేపర్లూ పిల్లల పుస్తకాలూ పట్టుకుని ఎంత చదివినా, చదివిన ప్రతి పేజీకీ ఒకసారి మాదేవిని తిట్టుకున్నాను. ప్రాణం మీదికి వస్తే ఎవరు మాత్రం గుట్టు దాచుకోగలరు, భయం తెలిసిన స్నేహితురాలే ఆ భయాన్ని పట్టుకుని పిండితే ఏం చేయగలనని పిల్లలకూ, మనవలకూ పంచమి వచ్చినప్పుడల్లా ఈ కథ చెప్పేదాన్ని.

అమ్మకు డెబ్బై దాటాక ఒక పంచమికి మా ఇంట్లో ఉంది. వాకిట్లో కూర్చుని చాటలో కందిపప్పు ఏరుతోంది. నేను పిల్లలకు కథ చెబుతూ, అరచేతులు చీరుకుపోయిన చోటికి, ఏడుస్తూ అరిచిన చోటికి వచ్చాను. అమ్మ తల ఎత్తకుండానే అంది:

"మాదేవి పేరు ఊకె ఎందుకు దీస్తవ్? నేను చెట్టు కిందనే ఉన్న గద. నువ్వు ఏడ్సుకుంట చెప్పలే బిడ్డా. నవ్వుకుంట చెప్పినవ్."

పిల్లలు నావైపు చూశారు. అమ్మ మట్టిబెడ్డ ఒకటి ఏరి పారేసి మళ్లీ పప్పులో పడింది. ఆ తర్వాత ఆరేళ్లు బతికి, ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

నవ్వాను. అమ్మ చెప్పింది నిజం. చాలు అన్నది రెండుసార్లే. ఆ తర్వాత ఉయ్యాల పైకి పోయినప్పుడు భయం ఎక్కడా లేదు. ఆ పట్టాలు నావి అనిపించింది. కింద గురిగింజల్లా కనబడుతున్న వాళ్లందరికీ, ఏటా నన్ను పిరికిదని నవ్విన వాళ్లందరికీ, ఎదురుగా ఉన్న మాదేవికి మరీ ముఖ్యంగా, నేను ఎక్కడికి పోతున్నానో తెలియాలని అరిచాను. అమ్మ నన్ను నమ్మి చెప్పిన మాటను సంతోషం పట్టలేక పారేసుకున్నాను.

ఇప్పుడు ఆ వేపచెట్టు లేదు. అక్కడ బండలకు పాలిషు పట్టే మిషన్లు తిరుగుతుంటాయి, తెల్లటి నీళ్లు మోరీలో పారుతుంటాయి. పంచమికి మోకు వేసే కొమ్మా లేదు, మొగుడి పేరు చెప్పడానికి సిగ్గుపడే ఆడపిల్లలూ లేరు. జొన్న పేలాలు ప్యాకెట్లలో వస్తున్నాయి. నేను కొడుకు దగ్గరికి తాండూరుకే తిరిగి వచ్చి పన్నెండేళ్లయింది.

పోయిన శ్రావణంలో మా ఇంటి ముందు ఒక కారు ఆగింది. మనవడి భుజం పట్టుకుని ఒక ముసలామె దిగింది. నడుము వంగింది, జుట్టు దూదిలా ఉంది. గుర్తుపట్టడానికి నాకు క్షణం కూడా పట్టలేదు. నా రెండు చేతులూ పట్టుకుని, "నువ్వు సాలన్నవ్, నేను ఆపలే. ఒట్టు పెట్టి తప్పిన. నీ సదువు నేనే తిన్ననే సుశీలా. గిన్నేండ్లు నాకు నిద్ర లేదు" అని వెక్కి వెక్కి ఏడ్చింది.

చెప్పాల్సిన మాట నా నాలుక చివర ఉంది. అరవై ఏళ్ల పైచిలుకు మోసిన పగ, అది లేకపోతే నాకు మిగిలేది ఏమిటో ఒక్కసారిగా కనబడింది. ఆమె తల నిమిరాను. "పోనీలె మాదేవీ, చిన్నతనం. నేనెప్పుడో మర్చిపోయిన" అన్నాను.

ఆమె కళ్లు తుడుచుకుని, కుడుములు తిని, చాయ తాగి, తేలికపడి కారెక్కింది. కారు మలుపు తిరిగాక మా కోడలు నా పక్కకు వచ్చి, "ఎంత పెద్ద మనసు అత్తమ్మా మీది" అంది. నేను కాదనలేదు.