ఎరుపు తెలియని కళ్లు

దేవనకొండ మండలంలోని ఒక పల్లె నుంచి వచ్చి ఆదోనిలో బీఎస్సీ చేరిన మహేంద్రకు వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం ప్రాణం. కెమిస్ట్రీ ల్యాబు మాత్రం గండంగా ఉండేది. గాజు గొట్టంలోంచి యాసిడ్‌ను చుక్క చుక్కగా వదులుతూ, కింద ఫ్లాస్కులోని పసుపు ద్రావణం ఎర్రగా తిరగ్గానే ఆపేయాలి. పక్కవాళ్లంతా సరిగ్గా ఆపేవారు. మహేంద్ర పోస్తూనే ఉండేవాడు.

ఒకరోజు లెక్చరర్ పావని మేడం విసుక్కున్నారు. "ఎర్రగై ఎంతసేపైంది! ధ్యాస యాడ పెట్టినావు?"

"యాడ ఎర్రగైంది మేడం? ఇంకా అట్లే ఉంది గదా."

క్లాసంతా నవ్వింది. మేడం నవ్వలేదు. ల్యాబు అయ్యాక అతన్ని ఆగమని, తన ఫోనులో రంగురంగుల చుక్కల బొమ్మ చూపించి, అందులో ఏ అంకె ఉందో చెప్పమన్నారు.

"అంకె యాడుంది మేడం? అన్నీ చుక్కలే."

ఇంకొన్ని బొమ్మలు చూపించారు. అదే జవాబు.

"నీకు చేతగాక కాదప్పా. ఎరుపుకు, ఆకుపచ్చకు నీ కంటికి సరిగ్గా తేడా తెలీదు. పుట్టుకతోనే వచ్చింటుంది. నేనే ఊరికే తిడతా వచ్చినాను," అన్నారు మేడం.

అంతటితో వదిలేయలేదు. స్టోరు గదిలో మూలపడున్న, ఆమ్లత కొలిచే పీహెచ్ మీటరు బయటికి తీసి తుడిచి, రంగుతో పని లేకుండా దాని అంకెలు చూసి ఎక్కడ ఆపాలో నేర్పారు. పరీక్షకు వచ్చే ఎగ్జామినర్‌తో ముందే మాట్లాడి మీటరు వాడేందుకు ఒప్పించారు.

ఆ శనివారం మహేంద్ర ఊరికి పోయి ఇంట్లో చెప్పాడు. ఏటా ఆ కుటుంబం మిరపకాయలు కోసే కూలికి గుంటూరు వైపు వలస పోయేది. చిన్నప్పుడు తనూ కోస్తూ పండుకాయల్లో పచ్చికాయలు కలిపేసేవాడు. సోమరితనమని తండ్రి దేవేంద్రప్ప కొట్టిన రోజులున్నాయి.

తల్లి తిమ్మమ్మ అంతా విని, "మా నాయన గూడా ఇంతే గదప్పా. టమాటా పండిందో లేదో తెలిసేది కాదు. అందరూ నగేటోళ్లు," అంది.

"తాత నుంచి నీకు, నీ నుంచి నాకు వచ్చిందమ్మా. నీకు మాత్రం రంగులు తెలుస్తాయి. మాకిది జంతుశాస్త్రంలో పాఠమే."

"అయితే నా వల్లనేనా?"

"ఎవరి తప్పూ కాదులేమ్మా."

దేవేంద్రప్ప లేచి కొడుకు పక్కకొచ్చి కూర్చున్నాడు. "కనపడక చేసిందానికి కొట్టినాను గదరా," అన్నాడు. మహేంద్ర తండ్రి చెయ్యి పట్టుకున్నాడు.

సోమవారం ఆయన కొడుకుతో పాటే బస్సెక్కి కాలేజీకి వచ్చాడు. స్టాఫ్ రూము గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, మేడానికి వేరుశెనక్కాయల సంచి ఇచ్చి, చెప్పాలనుకున్నదంతా మరిచిపోయి దండం పెట్టాడు.

"కూర్చోండన్నా," అని మేడం కుర్చీ జరిపారు.

మహేంద్ర ప్రాక్టికల్స్ మంచి మార్కులతో గట్టెక్కాడు. బీఈడీ చేసి, ఇప్పుడు ఎమ్మిగనూరులో ఒక హైస్కూల్లో సైన్సు చెబుతున్నాడు. మొన్న పావని మేడం పదవీ విరమణ సభలో అతన్నీ మాట్లాడమన్నారు. "మేడం నాకు కెమిస్ట్రీ నేర్పినారు. నా సంగతి మా నాయనకు తెలిసేట్ల చేసినారు. ఆ రుణం..." అంటుండగానే మేడం వైపు దండం పెట్టి, వేదిక దిగి వచ్చేశాడు.

భోజనాల దగ్గర మేడం అతని పక్కనే కూర్చున్నారు.

"మీ స్కూల్లో ల్యాబు ఎట్లుంది?"

"ఖాళీ బీరువా ఉంది మేడం, అంతే."

"నా దగ్గర గాజు సామాన్లు ఉండాయి. ఆదివారం వచ్చి తీసుకపో. దారిలో పగలగొట్టుకోకు," అంటూ అతని విస్తట్లో ఇంకో బొబ్బట్టు వేశారు.