చెంచాల కార్ఖానా పాట

బెవర్లీ స్టానిఫోర్త్ పదహారో ఏట షెఫీల్డ్‌లో చెంచాల కార్ఖానాలో చేరింది. మసి అంటకుండా ఒంటికి బ్రౌన్ పేపరు చుట్టుకుని, తలకు ఎర్రగుడ్డ కట్టుకుని, గిర్రున తిరిగే తోలు చక్రానికి చెంచా ఆనించి మెరుగు పెట్టడం ఆమె పని. సాయంత్రానికి చెంచాలు అద్దాల్లా తయారయ్యేవి, మెరుగు పెట్టినవాళ్ళ మొహాలు మసిబారేవి. ఆ పని చేసే ఆడవాళ్ళ నోటికి ఊరంతా జడిసేది. బెవర్లీ ఆ పేరు చెడగొట్టలేదు. శనివారాలు మాత్రం కార్మికుల క్లబ్బులో బాబాయి బృందంతో కలిసి బేస్ గిటారు వాయించేది.

1980లో ఉక్కు కార్మికులు సమ్మె కట్టారు. వాళ్ళ సహాయార్థం ఒక ఆదివారం మధ్యాహ్నం పబ్బు మేడమీద పాటకచ్చేరీ పెడితే, కార్ఖానాలో అందరికంటే పెద్దదైన ఐవీ బెవర్లీని వెంటబెట్టుకుని వెళ్ళింది. వాయించే బృందం పేరు షాప్ ఫ్లోర్ కమిటీ. పేరుకు కమిటీయే గాని ఉన్నది ఇద్దరు. గిటారు పట్టుకుని పాడే హోవర్డ్ యూనివర్సిటీలో తత్వశాస్త్రం చదువుతూ మధ్యలో మానేసినవాడు. డ్రమ్ములు వాయించే ఎరాల్ పిన్నాక్ బస్సు డిపోలో మెకానిక్కు. బేస్ వాయించేవాడు పరీక్షలున్నాయని నెల కిందటే మానేశాడు. అతని గిటారు మాత్రం గోడకు ఆనించి ఉంది.

హోవర్డ్ కళ్ళు మూసుకుని, కార్మికుడి శ్రమలోంచి యజమాని మిగుల్చుకునే అదనపు విలువ మీద ఒక పాట పాడాడు. జనం గ్లాసుల్లోకి చూస్తూ కూర్చున్నారు. పాట అయ్యాక బెవర్లీ వెనక బెంచీ నుంచి అడిగింది.

"బాబూ, పాట బానే ఉంది గానీ, కాళ్ళెక్కడ వెయ్యాలి?"

మేడంతా గొల్లుమంది. హోవర్డ్ మొహం కందగడ్డయింది.

"ఇది డాన్సులాడే పాట కాదు, కామ్రేడ్. ఆలోచించే పాట."

"ఆలోచించే వాళ్ళకి కాళ్ళుండవా ఏంటి?"

డ్రమ్ముల వెనక ఎరాల్ పళ్ళన్నీ కనిపించేలా నవ్వాడు. "ఆ గోడకున్నది తెచ్చుకో, అమ్మాయ్. నీ నోరంత గట్టివేనా నీ వేళ్ళు, చూద్దాం."

ఐవీ వెనక నుంచి ఒక్క తోపు తోసింది. బెవర్లీ వెళ్ళి గిటారు భుజాన వేసుకుంది. ఏం వాయించాలో ఆలోచించలేదు. ఎనిమిదేళ్ళుగా చెవుల్లో తిరుగుతున్న చక్రం చప్పుడు, చెంచా ఆనిస్తే గర్రుమని, తీస్తే ఒక క్షణం ఊపిరి పీల్చుకునే ఆ చప్పుడే వేళ్ళలోకి వచ్చింది. రెండు దెబ్బలు, ఒక ఖాళీ, మళ్ళీ మూడు దెబ్బలు. ఆ ఖాళీలో ఎరాల్ సరిగ్గా ఒక్క దెబ్బ వేశాడు. బెవర్లీ ఒళ్ళు ఝల్లుమంది. హోవర్డ్‌కు తన గిటారు స్వరాలను ఆ ఊపు మీద ముక్కలుగా తెంపి విసరడం తప్ప దారి లేకపోయింది. ఐదు నిమిషాలకల్లా కింద బీరు పోసే మనిషి మెట్లెక్కి వచ్చాడు, పైకప్పు ఊగుతోందని.

ఆ మరుసటి వారం నుంచి కమిటీలో ముగ్గురు.

మాటల దగ్గర పేచీ వచ్చింది. హోవర్డ్ నాలుగు పేజీలు రాసుకొచ్చాడు. బెవర్లీ చదివి పక్కన పెట్టి, కార్ఖానాలో ఆడవాళ్ళు రోజూ అనే మాటలు చెప్పింది. మీ బల్ల మీద మెరుపు, మా ముక్కులో దుమ్ము, ఇవి ఎవరి చేతులు. అంతే. హోవర్డ్ తన కాగితాలు తనే చింపేశాడు. ఆ ఒక్క పనితో అతను బెవర్లీకి నచ్చాడు.

పాత కత్తుల కార్ఖానాలో పెట్టిన చిన్న స్టూడియోలో ఒక్కరోజులో రికార్డు చేశారు. రెండుసార్లు గిటారు తీగ తెగింది. మూడోసారి తెగినా ఎవరూ ఆగలేదు. ఐదొందల కాపీలు అచ్చయి వచ్చాయి. వాటి అట్టలు మడిచి మైదా జిగురుతో అతికించింది కార్ఖానా ఆడవాళ్ళే, మధ్యాహ్నం తిండి గంటలో, ఒక చేత్తో చిప్స్ తింటూ.

ఒక గురువారం పన్నెండున్నరకు ఊరి రేడియోలో ఆ పాట వచ్చింది. చక్రాలు ఆగి ఉన్నాయి. మొదటి రెండు దెబ్బలు వినగానే ఐవీ చేతిలో టీ కప్పు కింద పెట్టింది.

"ఒసేయ్, ఇది మన చక్రమేనే."

అరవై రెండేళ్ళ ఐవీ బ్రౌన్ పేపరు గలగలలాడుతుండగా చిందులేసింది. చూస్తూండగానే ఆ గదిలోని పద్దెనిమిది మందీ లేచారు. పాట అయిపోయింది, ఒంటిగంట గంట కొట్టింది, ఎవరూ చక్రాల దగ్గరికి పోలేదు. యజమాని పరుగున వచ్చాడు.

"ఏంటిది? పెళ్ళా, పేరంటమా?"

"దుమ్ము లాగే ఫ్యాన్లు పెట్టిస్తానని మూడేళ్ళ నుంచీ అంటున్నారు కదండీ," అంది బెవర్లీ. ఆగి ఉన్న తన చక్రం మీద చెయ్యి వేసింది. "అవి తిరిగిన రోజు ఇవీ తిరుగుతాయి."

తొమ్మిది రోజులు గేటు ముందు కూర్చున్నారు. ఎరాల్ డిపోలో పని దిగాక డ్రమ్ము తెచ్చి వాయించేవాడు, హోవర్డ్ టీ కాచేవాడు. పదో రోజు ఫ్యాన్లు బిగించడానికి మనుషులొచ్చారు. ఆడవాళ్ళు వాళ్ళని చప్పట్లతో లోపలికి తీసుకెళ్ళారు.

రికార్డులు నెలలో అయిపోయాయి. దుకాణాలవాళ్ళు ఇంకా కావాలన్నారు. మళ్ళీ అచ్చు వేస్తే అది వ్యాపారమవుతుందని హోవర్డ్ అడ్డం తిరిగాడు.

"ఐదొందలైతే విప్లవం, ఆరొందలైతే వ్యాపారమా?" అంది బెవర్లీ.

ముగ్గురూ ఒప్పుకుంటేనే ఏదైనా చెయ్యాలన్నది కమిటీ నియమం. హోవర్డ్ ఒప్పుకోలేదు. వాదించుకుని వాదించుకుని ఏడాదిలో విడిపోయారు. అతను ఊరొదిలి ఎటో ఉత్తరానికి పోయి బడిపంతులయ్యాడు. కార్ఖానా మూతపడ్డాక బెవర్లీ బస్సు నడిపింది. ఎరాల్‌ను పెళ్ళిచేసుకుంది. ఇద్దరూ పెళ్ళిళ్ళలో వాయించేవాళ్ళు.

2015లో జపాన్ నుంచి ఫోనొచ్చింది. ఒసాకాలో చిన్న డాన్సు హాలు నడిపే నవోకో అనే ఆవిడ. ఆ రికార్డు కోసం పదకొండేళ్ళు వెతికి సంపాదించానని, ప్రతివారం హాల్లో వేస్తున్నానని, మీరు వచ్చి వాయించాలని అడిగింది. ఎవరో ఆటపట్టిస్తున్నారనుకుని బెవర్లీ రెండుసార్లు ఫోను పెట్టేసింది. మూడోసారి ఎరాల్ ఎత్తాడు. హోవర్డ్‌ను కూడా పిలిచారు. విమానమంటే భయమని అతను రాలేదు గాని, మీరు వెళ్ళండి, నేను ఒప్పుకుంటున్నానని ఉత్తరం రాశాడు.

ఆ హాల్లో మూడొందల మంది కుర్రకారు. బెవర్లీకి యాభై తొమ్మిదేళ్ళు, కొత్త జోళ్ళు కరుస్తున్నాయి. జోళ్ళు విప్పేసి గిటారు అందుకుంది. రెండు దెబ్బలు, ఒక ఖాళీ. ఎరాల్ దెబ్బ వేసేలోపే హాలంతా ఒక్కసారి ఎగిరింది. ఇవి ఎవరి చేతులు అని ఆ పిల్లలు తమ యాసలో అరుస్తూ చేతులు పైకెత్తారు. బెవర్లీ పాడటం మరిచిపోయి నవ్వడం మొదలుపెట్టింది. అయిపోగానే ఇంకోటి అన్నారు. రికార్డు రెండోవైపు పాట ఇద్దరికీ ఒక్క ముక్క గుర్తులేదు.

"ఏం చేద్దాం?" అన్నాడు ఎరాల్ చెమట తుడుచుకుంటూ.

"అదే మళ్ళీ," అంది బెవర్లీ. "ఈసారి కొంచెం వేగంగా."