పందొమ్మిదో నంబరు ప్లగ్గు

దయ్యాన్ని చూశామనేవాళ్ళను నేను తేదీ అడిగేవాణ్ణి. ఒక్కరూ చెప్పలేకపోయేవారు. అందుకే ఆ మాటలు ఎన్నడూ నమ్మలేదు.

తడ దగ్గర పులికాట్ ఒడ్డున ముప్పై ఏళ్ళు పడవ మోటార్లు బాగుచేశాను. రిటైరయ్యాక కూడా తెలిసినవాళ్ళకు చేసిపెడుతున్నాను. అప్పటినుంచి వేసే ప్రతి స్పార్కు ప్లగ్గు మీద సూదితో వరస నంబరు గీసి, ఎవరి మోటారుకు వేశానో డైరీలో రాసుకుంటాను.

మా వైపు మోటారును పెట్రోలుతో లేపి, కిరసనాయిలు మీద నడుపుతారు. ఆపేముందు మళ్ళీ పెట్రోలుకు మార్చాలి. మరిచిపోతే మండని కిరసనాయిలు ప్లగ్గును తడిపేస్తుంది. ఇక నిప్పురవ్వ రాదు. ప్లగ్గు కొన చూస్తే మోటారు ఎందుకు ఆగిందో చెప్పవచ్చు.

నిరుడు ఆర్ముగం అనే జాలరి అదే జబ్బుతో మోటారు తెచ్చాడు. నా దగ్గర కొత్త ప్లగ్గు లేదు. పాతదాన్నే గీకి, పందొమ్మిది అని గీసి, బిగించి పంపాను. ఆ రోజు సరస్సులోకి పోయిన మనిషి మళ్ళీ రాలేదు. పడవా, మోటారూ దొరకలేదు.

అతని భార్య మంగమ్మ ఎప్పుడు కనిపించినా ఒకటే అడిగేది. "మోటారు ఆగిపోయిందా మామా?"

"లేదమ్మా, గాలికి పడవ తిరగబడింది" అనేవాణ్ణి.

ఈ ఏడు ఆర్ముగం తమ్ముడు మునస్వామి కొత్త మోటారు కొన్నాడు. దాని ప్లగ్గు మీద ఇరవై ఏడు గీసి నేనే బిగించాను. మూడో రోజు పొద్దున్నే ఆ మోటారును భుజాన మోసుకొచ్చాడు.

"ఎంత లాగినా లేస్తా లేదు మామా. రెక్కలు పడిపోయినాయి."

"ఆపేముందు పెట్రోలుకు మార్చినావా?"

"మార్చినా. కావాలంటే అది గూడా నీ డైరీలో రాసుకో."

ప్లగ్గు విప్పాను. కొన నల్లగా ఉంది, కిరసనాయిలు కారుతోంది. గుడ్డతో తుడిచాను. తెల్ల పింగాణీ కింద, ఇనుప కట్టు మీద నా చేతి గీతలే. పందొమ్మిది.

"ఇది నీకు యాడ దొరికిందిరా?"

"నువ్వు బిగించిందే గదా! నేను పానా గూడా పట్టలే."

డైరీ తెచ్చి ఆ రెండు నంబర్లు రాసిన పేజీలూ చూపించాను. మునస్వామి రెండు నంబర్ల మీదా వేలు పెట్టి చూశాడు.

"మా అన్నది ఈడ ఉండాది సరే. ఆ ఇరవై ఏడు యాడుండాది మామా?"

వేరే ప్లగ్గు వేశాను. ఒక్క లాగుకే లేచింది. అయినా ఆ రోజు అతను పడవ దించలేదు.

సాయంత్రం మంగమ్మ వచ్చి మళ్ళీ అదే అడిగింది. ఈసారి నా నోట అబద్ధం రాలేదు. "ఆగిపోయిందమ్మా. నేను గీకి వేసిన ప్లగ్గే" అన్నాను.

ఆమె ఏడవలేదు. "ఇన్నాళ్ళకు నీకు ఎవురు చెప్పినారు మామా?" అంది.

మునస్వామి మోటారు తెచ్చిన నాటి పేజీలో 'కారణం' అని రాసి ఖాళీ వదిలాను. ఇప్పటికీ నింపలేకపోతున్నాను. ప్లగ్గును కాగితంలో చుట్టి రేకు డబ్బాలో పెట్టి నాలుగు నెలలైంది. కిరసనాయిలు ఒక పూట ఎండకే ఆరిపోతుంది. నెలకొకసారి కాగితం మారుస్తున్నాను. నిన్న కూడా తడిగానే ఉంది.