మూడో అక్షరం

త్రినాథరావు విశాఖ పోర్టులో క్రేన్ నడుపుతాడు. వయసు ముప్పై నాలుగు. పెళ్లయి తొమ్మిదేళ్లు. భార్య పుష్ప మేనమామ కూతురు. పిల్లలు లేకపోవడానికి మేనరికమే కారణమని ఇంట్లోవాళ్లు అన్నారు. వీధిలోవాళ్లు పుష్పనే అన్నారు. చివరికి పరీక్షలో అతని వీర్యంలోనే కణాలు ఒక్కటీ లేవని తేలింది. ఆ సంగతి ఇద్దరూ ఎవరికీ చెప్పలేదు.

ద్వారకా నగర్‌లో సంతానం ఆసుపత్రి డాక్టరమ్మ జన్యు పరీక్షకు రక్తం తీయించింది. మగవాళ్లకే ఉండే వై క్రోమోజోమ్‌లో ఏ ముక్కయినా లేదేమో చూస్తారు. ఆ ముక్కలకు ఏ, బీ, సీ అని పేర్లు. ఏ, బీ ముక్కలు పోతే కణాల కోసం చేసే ఆపరేషన్ దండగ. సీ మాత్రమే పోతే వృషణం కోసి కణాలను వెతకవచ్చు. సగం మందికి దొరుకుతాయి.

మూడు వారాలకు రిపోర్టు ఫోన్లోకి వచ్చింది. క్రేన్ దిగేదాకా తెరవలేదు. తెరిస్తే ఒక్క మాటే కనబడింది. డిలీషన్. తండ్రి చనిపోయాక ఓటర్ల జాబితాలో పేరు తీయించడానికి నింపిన ఫారం మీదా అదే మాట.

రెండు రోజులు ఇంట్లో ఫోను జేబులోంచి తీయలేదు.

“ఏటయింది బావా, పలకవేటి?” అంది పుష్ప.

“రిపోర్టొచ్చింది. డిలీషనంట. కొట్టేశారు మనల్ని.”

“ఏ అచ్చరం?”

“అచ్చరమేటి?”

“ముప్పై టన్నులెత్తుతావు, ఒక్క అచ్చరం సూడ్లేదా? ఇలా తే.”

ఫోను లాక్కుంది. తెర మీద వేలితో పెద్దది చేసింది.

“సీ,” అంది. “సీ ఒక్కటే.”

మర్నాడు డాక్టరమ్మ అదే చెప్పింది. ఆపరేషన్ చేయవచ్చు. ఆపైన ఇంకో మాట చెప్పింది.

“కొడుకు పుడితే వాడికీ ఈ లోపమే వస్తుంది. కూతురికి రాదు.”

“కూతురే పుట్టేలా సెయ్యలేరా మేడం?” అన్నాడు అతను.

“అది నేరం. అడగొద్దు.”

త్రినాథరావు లేచి నిలబడ్డాడు.

“నా కొడుకుని ఈ కుర్సీలో కూసోబెట్టలేను పుష్పా. నాను పడింది సాలు.”

డాక్టరమ్మ పెన్ను మూత పెట్టింది. పుష్ప లేవలేదు.

“ఆడొక్కడే కూసుంటాడేటి? నాను నీ పక్కన కూసోలేదా బావా?”

తలుపు పిడి దాకా వెళ్లిన అతను వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. బయట ఎవరి పేరో పిలిచారు.

“శుక్రవారం నాకు డ్యూటీ లేదు మేడం,” అన్నాడు చివరికి. “ఆ రోజు సేత్తారా?”