పెద్దావిడ ఫోన్ ఎత్తినంత కాలం

మా చెల్లెలి మొగుడు, మా బావ వస్తున్నాడంటే నా భార్య ముందుగా కుర్చీల మీదున్న బట్టలు తీసేస్తుంది. ఇల్లు శుభ్రంగా కనబడాలని కాదు. కుర్చీలో చొక్కా, కింద ప్యాంటు, పక్కన చెప్పులు, అలా మనిషి ఆకారంలో బట్టలు పడి ఉంటే మా బావ చూడలేడు. మొహంలో నెత్తురు చుక్క ఉండదు.

ఈ సంగతి మాకు తెలియని రోజుల్లో, ఒక ఆదివారం మధ్యాహ్నం నేను చెమటలు కక్కుతూ ఇంటికొచ్చి, హాల్లోనే అన్నీ విప్పి ఎక్కడివక్కడ వదిలేసి, తువ్వాలు చుట్టుకుని పెరట్లో స్నానానికి పోయాను. అప్పుడే బావ వచ్చాడు. తలుపు తీసే ఉంది. ఫ్యాను తిరుగుతోంది. సోఫాలో నా చొక్కా, దాని కింద ప్యాంటు, ఆ పైన కళ్ళజోడు. నేను ఒళ్ళంతా సబ్బు నురగతో ఉండగా ఎవరో స్నానాల గది తలుపు రెండు చేతులా బాదుతున్నారు.

"బావా, ఉన్నావా? లోపల ఉన్నావా?"

"ఉన్నాను. ఎక్కడికి పోతాను?"

"బయటికి రా, చూడాలి."

వచ్చాను. ఆ కంగారులో తువ్వాలు సంగతి ఇద్దరమూ పట్టించుకోలేదు. పక్కింటి మేడ మీదున్న ఆవిడ పట్టించుకుంది. ఇప్పటికీ ఆవిడ నాతో మాట్లాడాల్సి వస్తే గోడ కేసి చూస్తూ మాట్లాడుతుంది.

ఇలాంటి మనిషి చేసే ఉద్యోగం ఏమిటంటే, ఆసుపత్రి లాండ్రీలో ఇస్త్రీ. నేలకింద పొడుగాటి గది. ఒక చివర ఉతికే మిషన్లు, మధ్యలో దుప్పట్లను మింగి నున్నగా బయటికి వదిలే వేడి రోలరు, ఈ చివర మా బావ బల్ల. డాక్టర్ల కోట్లు, రోగుల గౌన్లు అతని చేతికొస్తాయి. కోటు మెడపట్టీ లోపల కుట్టిన నంబరు చూసి అది ఏ అంతస్తుదో చెప్పేస్తాడు. ఏ డాక్టరు జేబులో పెన్ను మరిచిపోతాడో తెలుసు. "బట్టలంటే దడుచుకునేవాడివి, నీకు ఇదేం పనయ్యా?" అని ఒకసారి అడిగాను.

"మడతపెట్టిన బట్టలంటే భయం లేదు బావా" అన్నాడు. "ఎవరో ఒకరు ఉండి మడతపెట్టారు కదా."

ఈ భయం ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పాలి. బావ పుట్టి పెరిగింది ఒక చిన్న సంఘంలో. అరవై కుటుంబాలు ఉండేవేమో. రేడియో వినకూడదు, గట్టిగా నవ్వకూడదు, వేరే గుడికి వెళ్ళకూడదు. మాదీ క్రైస్తవ కుటుంబమే గానీ, వాళ్ళ లెక్కలో మేమూ బయటివాళ్ళమే. వాళ్ళకి అన్నిటికన్నా ముఖ్యం రాకడ. ప్రభువు ఏ క్షణాన్నైనా వస్తాడు, సిద్ధంగా ఉన్నవాళ్ళు చేస్తున్న పని మధ్యలో మాయమైపోతారు, ఒంటి మీది బట్టలు అక్కడే కుప్పగా పడతాయి, మిగిలినవాళ్ళు మిగిలిపోతారు. సండే స్కూల్లో దీనికి ఒక అట్టబొమ్మ ఉండేది. వంటగది, పొయ్యి మీద గిన్నె, నేల మీద ఒక ఖాళీ గౌను, గుమ్మంలో నోరు తెరిచి నిలబడిన పిల్లవాడు.

ఆ బొమ్మ పట్టుకుని పాఠం చెప్పింది సండే స్కూల్ టీచరమ్మ. చాలా పరిశుద్ధురాలు. ఒకసారి సంఘం మధ్యలో లేచి, పక్కావిడ ఎర్ర గొడుగు చూసి అసూయ పడ్డానని కన్నీళ్ళతో ఒప్పుకుంది. ఒప్పుకోవడానికి ఆవిడకి అంతకన్నా పెద్ద పాపం దొరకలేదు. ప్రభువు వస్తే మొదట మాయమయ్యేది ఆవిడేనని అందరూ అనుకునేవారు. పిల్లలకిచ్చే బైబిల్ వాక్యం కార్డుల వెనక ఆవిడ ఇంటి ఫోన్ నంబరు ఉండేది.

పదేళ్ళ వయసులో బావ ఒక రోజు బడి నుంచి వచ్చాడు. తలుపు బార్లా తీసి ఉంది. వంటగదిలో పాలు పొంగి పొయ్యి మీద పడి మాడుతున్నాయి. నేల మీద వాళ్ళమ్మ ఇంట్లో వేసుకునే గౌను, పక్కనే చెప్పులు. పిలిచాడు. పలకలేదు. జరిగింది ఏమిటంటే పక్కింటి ముసలాయన మెట్ల మీంచి పడితే, ఆవిడ గబగబా బట్టలు మార్చుకుని పరిగెత్తింది. అది బావకి తెలిసేసరికి గంట పట్టింది. ఆ గంటలో అతను చేసింది ఒక్కటే. వీధి చివర మందుల షాపు ఫోన్లోంచి టీచరమ్మకి ఫోన్ చేశాడు.

"వందనాలండీ, ఎవరు?" అందావిడ.

ఆవిడ ఉంది. అంటే రాకడ రాలేదు. ఏడుస్తూ ఫోన్ పెట్టేశాడు.

ఇదంతా నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మా చెల్లెలిని అతనికిచ్చి చేసినప్పుడు తెలిసిందల్లా మనిషి నెమ్మదస్తుడని. పెళ్ళికి ముందు మా చెల్లెలికి వాళ్ళు రెండోసారి బాప్తిస్మం ఇచ్చారు, మొదటిసారి సరిగ్గా తడవలేదన్నట్టు. ఆమె కూడా సర్దుకుపోయింది. కూతురు పుట్టింది. ఆ పిల్లకి ఆరేళ్ళు వచ్చాక అదే అట్టబొమ్మ ఆ పిల్లా చూసింది.

ఒక ఆదివారం సాయంకాలం ప్రార్థన కూటానికి వేళవుతోందని, పడుకున్న వాళ్ళిద్దర్నీ లేపడానికి బావ గదిలోకి వెళ్ళాడు. పిల్ల మణికట్టుకి ఉన్ని దారం కట్టి ఉంది. రెండో కొస మా చెల్లెలి కాలి వేలికి.

"ఏమిటమ్మా ఇది?" అని అడిగాడు.

"అమ్మ పైకి వెళ్ళిపోతే నేనూ లేస్తాను కదా నాన్నా."

"మరి నాకెందుకు కట్టలేదు?"

"నువ్వు వెళ్తావో లేదో నాకు తెలీదు కదా" అంది పిల్ల.

ఆ సాయంకాలం వాళ్ళు కూటానికి వెళ్ళలేదు. మళ్ళీ ఎప్పుడూ వెళ్ళలేదు. సంఘంలో పేరు చదివి తీసేశారు. చిన్నప్పుడు భుజాల మీద ఎత్తుకున్న పెద్దలు ఎదురుపడితే రోడ్డు దాటి అటు వెళ్ళిపోయేవారు. బావ అప్పుడప్పుడు మా పాత గుడికి వచ్చి, తలుపు పక్కన ఆఖరి బల్ల మీద కూచునేవాడు. పాట వచ్చినా నోరు తెరిచేవాడు కాదు.

"ఇంకా ఏం భయమయ్యా, బయటపడ్డావుగా" అన్నాను ఒకసారి.

"భయాన్ని తీసేద్దామనే చూస్తున్నా బావా. కానీ నాకు తెలిసిన దేవుణ్ణి మొత్తం భయంతోనే అల్లారు. ఆ పోగు లాగితే మొత్తం ఊడి చేతికొస్తుందేమో. అప్పుడు నాకు ఎవరున్నారు?"

నేను ఏదో పెద్దరికంగా చెబుదామని నోరు తెరిచి, ఆవులించినట్టు నటించాను.

తర్వాత కొన్నేళ్ళకి మా చెల్లెలు ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి, గొంతు తగ్గించి, "అన్నయ్యా, మీ బావకి ఎవరో ఉన్నారు" అంది. అతని ఫోన్లో ఒకే నంబరు. వారానికి రెండుసార్లు, మూడుసార్లు. ప్రతిసారీ ఐదారు సెకన్లు.

"ఐదు సెకన్లలో ఏం సరసం ఆడతారే?" అన్నాను.

"ఏదో గుర్తు అయ్యుంటుంది. నువ్వు కనుక్కో."

అన్నగారి హోదాలో ఛాతీ విరుచుకుని ఆ నంబరుకి ఫోన్ చేశాను. నాలుగు కఠినమైన మాటలు సిద్ధం చేసుకున్నాను కూడా. "వందనాలండీ, ఎవరు?" అంది ఎనభై ఏళ్ళ గొంతు. "రాంగ్ నంబరండీ" అని పెట్టేశాను. ఆ సాయంత్రం బావని నిలదీస్తే మందుల షాపు దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాడు. పదేళ్ళప్పుడు మొదలైంది ఇంకా ఆగలేదు. వీధి ఉన్నట్టుండి నిశ్శబ్దమైతే ఫోన్. బస్సులో పక్కసీటు మీద ఎవరో కోటు మరిచిపోతే ఫోన్. ఆవిడ గొంతు వినబడగానే పెట్టేస్తాడు.

"అదంతా నువ్వు నమ్మడం లేదంటున్నావుగా?"

"నమ్మడం లేదు. చెయ్యి నమ్ముతోంది."

మా చెల్లెలు తలుపు చాటునుంచి విని ఇవతలికొచ్చింది. "ఎవరో ఉన్నా బాగుండేది, కనీసం తిట్టడానికి ఉండేది" అని లోపలికి పోయి టీ పెట్టింది.

పోయిన సంవత్సరం ఒక రోజు పదకొండు గంటలకి బావ, డాక్టర్ల కోటు జేబుల్లోంచి తీసిన పెన్నుల డబ్బా పై అంతస్తులో ఇచ్చి కిందికొచ్చాడు. లాండ్రీలో ఒక్క మనిషీ లేడు. రోలరు తిరుగుతోంది. దాని నోట్లో సగం దుప్పటి. తోటి పనివాళ్ళ ఏప్రన్లు, చేతి తొడుగులు ఎక్కడ నిలబడి పనిచేస్తారో అక్కడే పడి ఉన్నాయి. ఆవిరి గొట్టం లీకైతే అందరూ వెనక గేటు నుంచి బయటికి పరిగెత్తారని తర్వాత తెలిసింది. అప్పుడు తెలియదు. ఫోన్ తీసి టీచరమ్మకి చేశాడు. మోగింది. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. పన్నెండుసార్లు చేశాడట. పదమూడోసారి నాకు.

"బావా, ఉన్నావా?"

"ఉన్నాను. ఏమైంది?"

"ఆవిడ ఎత్తడం లేదు."

"నేను ఎత్తానుగా."

"నిన్ను పైకి తీసుకెళ్తారని నేనెప్పుడూ అనుకోలేదు బావా" అన్నాడు. వెటకారం కాదు. నేను కూడా నొచ్చుకోలేదు, అంటే అప్పటికి నొచ్చుకోలేదు.

ఆటోలో ఇద్దరం ఆవిడ ఇంటికి వెళ్ళాం. తాళం వేసి ఉంది. లోపల ఫోన్ మోగుతూనే ఉంది. బావ చేతిలో ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది. ఎదురింటావిడ చెప్పింది, టీచరమ్మని మూడు రోజుల కిందట ఆసుపత్రిలో చేర్చారని. ఏ ఆసుపత్రి అని అడిగితే బావ పనిచేసేదే. మూడు రోజులుగా ఆవిడ అతను ఇస్త్రీ చేసిన గౌనులోనే పడుకుని ఉంది.

రెండో అంతస్తులో కిటికీ పక్క మంచం. మనిషి అంతా కలిపి ఒక దిండంత ఉంది. బావ మంచం పక్కన నిలబడ్డాడు. ఆవిడ కళ్ళు తెరవకుండానే అంది, "మాట్లాడకుండా పెట్టేసేది నువ్వే కదూ."

"మీకెలా తెలుసండీ?"

"మొదటి రోజు ఏడ్చావు. ఆ ఏడుపు నా క్లాసులో విన్నదే."

"మరి ఎప్పుడూ ఏమీ అనలేదే?"

"ఏం అనను నాయనా? భయపడొద్దు అంటే బోధకి అడ్డం పోయినట్టు. భయపడు అనడానికి నోరు రాలేదు. అందుకని ఎత్తేదాన్ని. బజారుకెళ్ళినా తొందరగా వచ్చేసేదాన్ని, నువ్వు చేస్తావేమోనని."

ఆయాసం తీర్చుకుంది. తర్వాత చెప్పిన మాటకి నేను సిద్ధంగా లేను.

"ఇప్పుడు నాకే భయంగా ఉంది. ఆ ఎర్ర గొడుగు ఉంది చూడు, ఒప్పుకున్నానే గానీ, నాకు అదింకా కావాలనే ఉంది. ఈ మనసుతో పోతే ఆయన నన్ను తీసుకుంటాడంటావా? నా కోసం ప్రార్థన చెయ్యి."

నవ్వు రావలసిన మాట. రాలేదు. ఆ అట్టబొమ్మలోని పిల్లవాడు ఇన్నాళ్ళకి ఆవిడ మొహంలో కనబడ్డాడు.

బావ స్టూలు లాక్కుని కూచున్నాడు. "నాకిప్పుడు ప్రార్థన రాదండీ" అన్నాడు. చాలాసేపు ఆవిడ దుప్పటి అంచు వేళ్ళతో నొక్కుతూ మడత సరిచేశాడు. "ఒక్కటి మాత్రం తెలుసు. ఇన్నేళ్ళలో నేను ఒక్క మాట మాట్లాడలేదు. అయినా మీరు ఎత్తడం మానలేదు. విసుక్కోలేదు, నీ భక్తి ఏపాటిదని అడగలేదు. ఆయన మీకన్నా మంచివాడు కాకపోతే ఆయనతో నాకు పని లేదు. మీపాటి మంచివాడైనా, మీకు భయం లేదు."

ఆవిడ అతని చెయ్యి పట్టుకుంది. మా ముగ్గురిలో ఎవరూ ఆమెన్ అనలేదు.

మర్నాడు బావ ఎర్ర గొడుగు ఒకటి కొని మంచం కాళ్ళ దగ్గర తగిలించాడు. ఇదేమైనా బస్‌స్టాపా అని నర్సు కసిరింది. టీచరమ్మ మాత్రం దాన్నే చూస్తూ ఉండేది. నాలుగో రోజు పొద్దున పోయింది. సంఘంవాళ్ళు వచ్చి తీసుకెళ్ళారు. ఆ గొడుగు ఎవరో మరిచిపోయారనుకుని కిటికీలో పెట్టి వెళ్ళారు. ఆవిడ వేసుకున్న ఆసుపత్రి గౌను మూటలో కిందికి వచ్చింది. రెండో అంతస్తు నంబరు. ఆ ఖాళీ గౌనుని బావ తనే ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టాడు. చెయ్యనంటే ఎవరైనా చేసేవాళ్ళే, అయినా ఇవ్వలేదు.

బావ ఇప్పుడు మా గుడికి వస్తాడు. ఆఖరి బల్లే. పాటలో ఒక చరణం పాడతాడు, రెండోదానికి ఆపేస్తాడు. మేనకోడలు పెద్దదైంది, బట్టలు ఎక్కడివక్కడ పడేసి తిరుగుతుంది, బావ వెనకాలే ఏరుకుంటూ తిరుగుతాడు. మొన్న మా ఇంటి మెట్ల మీద కూచుని ఫోన్ చెవికి పెట్టుకుని ఉన్నాడు. అవతల మోగుతున్న శబ్దం నాకూ వినిపిస్తోంది.

"ఇంకా ఆ నంబరుకేనా?"

"లైను ఇంకా తీసెయ్యలేదు బావా."

"ఎత్తేవాళ్ళు లేరు కదయ్యా."

"ఇదివరకు ఎత్తగానే పెట్టేసేవాణ్ణి" అన్నాడు. "ఇప్పుడు పెట్టకుండా ఉంటున్నా."

పక్కన కూచున్నాను. ఆ తాళం వేసిన ఇంట్లో ఫోన్ మోగుతూనే ఉంది. అది ఆగేదాకా ఇద్దరం విన్నాం.